చివరి మాట జైబున్నీసా టీచర్ది

పైన కట్టినారే ఎండ తగలకుండా, ఎరుపూ పసుపూ చారలది, గాలి వచ్చినప్పుడల్లా పొంగి మళ్లా కిందికి దిగుతాందే, దాని పేరు రావడం లేదు. రాకపోతే పోనీ. దాంతో ఈ పొద్దు నాకు పనిలేదు. నాకు కావల్సింది ఆదినారాయణ సార్ గురించి నాలుగు మంచి మాటలు, అవి ఒకదాని ఎనక ఒకటి వస్తే చాలు. ఇంకా టయముంది. స్టేజీ మీద చివరి కుర్చీ నాది, మాట్లాడేవాళ్లలో చివరి వంతూ నాదే. జమ్మలమడుగులోని ఈ ఆడపిల్లల హైస్కూల్లో ఎవరు రిటైరైనా ఆఖరున లేచేది తెలుగు టీచర్ జైబున్నీసా, ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, ఏండ్ల తరబడి అట్ల జరుగుతా వచ్చింది. ముందు మాట్లాడినోళ్లు అందర్నీ అలసగొట్టి, పిల్లోళ్లు లోపల రూములో పెట్టిన సమోసాల వాసనకు తలకాయలు తిప్పుతాండే టయానికి నేను లేస్తాను, చేతిలో కాగితం లేకుండా, మొదట నవ్విస్తాను, తర్వాత ఆ రిటైరయ్యే మనిషి ఈ బడికి కొత్తగా వచ్చినప్పటి సంగతి ఏదో ఒకటి తవ్వి తీస్తాను, చివర్న గొంతు తగ్గించి రెండు వాక్యాలు చెప్పి కూర్చుంటాను. ఆ మనిషి పెండ్లామో మొగుడో కండ్లు తుడుచుకుంటే నా పని అయినట్టు. ఈ పొద్దు ఆదినారాయణ సార్ రిటైరవుతాండాడు, మా సోషల్ సార్. మెడలో బంతిపూల దండ, దాని బరువుకు ఆయన మెడ ఇంకా ముందుకొచ్చింది. లెక్కల సార్ మైకు పట్టుకోని ఆయన ఏ పొద్దూ గంట కొట్టినాక బడికి రాలేదని చెప్తాండాడు. చెప్పనీ. ఎంతసేపన్నా చెప్పనీ. ఆయన ఆపితే నా వంతు ఒక మనిషి దగ్గరికొస్తుంది.

కింద, పిల్లోళ్ల ఎనక, ఆఖరి వరసలో నా ఇంటాయన నూరుల్లా కూర్చోనుండాడు. ఏ మీటింగుకూ రాని మనిషి, ప్రొద్దుటూరు నుంచి నాతోపాటు బస్సెక్కినాడు. బస్సులో కిటికీ తట్టు చూస్తా చెప్పినాడు, గొంతు బాగలేదని చెప్పు జైబూ, రెండు ముక్కలు చెప్పి కూర్చో, ఎవరేమనుకుంటారు, గొంతు ఎవరికైనా పోతుంది అని. నిజమే. గొంతు పోయిందంటే వేన్నీళ్లు తాగమంటారు. మాట పోతాందంటే ఏం తాగమంటారు. ఒక తువ్వాలు మెడకు చుట్టుకోని రావాల్సింది, అప్పుడు చెప్పే పని గూడా ఉండేది కాదు. ఈ బడిలో నా సంగతి తెలిసిన మనిషి ఒక్కడే, ఆ దండ మోస్తా నా పక్కన కూర్చున్నాయన, ఆయన గూడా ఈ పొద్దుతో పోతాండాడు.

మొదట పోయింది సుద్దముక్క. పోయిన సంవత్సరం, స్టాఫ్‌రూములో, గంట కొట్టినాక అల్మారా కాడ నిలబడి, సార్, అది ఇట్ల ఇయ్యండి, ఆ తెల్లది, రాసేది అన్నాను. ఆదినారాయణ సార్ సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టి, సుద్దముక్క, అని మెల్లగా అన్నాడు, నాకు నేర్పినట్టు కాదు, తనకు తాను గుర్తు చేసుకున్నట్టు. నేను నవ్వినాను. ఎండ, బీపీ మాత్రలు, వయసు, సాకులకేం తక్కువ. ఇంట్లో ఒకరోజు ఛన్నీ అడగబోయి కంఘీ అడిగినాను, నూరుల్లా జల్లెడకు బదులు దువ్వెన తెచ్చి చేతికిచ్చి, పిండికి తల దువ్వుతావా అన్నాడు, ఇద్దరం కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వినాము. అప్పుడు అది తమాషాగానే ఉండింది. తర్వాత తొమ్మిదో తరగతిలో, జవాబు బాగా చెప్పిన పిల్లను కూర్చో అనబోయి పండుకో అన్నాను. క్లాసంతా నవ్వింది, ఆ పిల్లా నవ్వింది, నేనూ నవ్వి బోర్డు తట్టు తిరిగి ఏదో రాస్తాన్నట్టు నిలబడినాను, వీపంతా చెమట. మర్చిపోతే ఒక ఖాళీ అగుపడుతుంది, ఆ ఖాళీలో వెతుక్కోవచ్చు. ఇది అట్ల కాదు. నేను పిలవని మాట నాకంటే ముందు నోట్లోకొచ్చి కూర్చుంది, ఇది నా ఇల్లే అన్నట్టు. నేను వినేదాకా నాకే తెలీదు.

షామియానా. వచ్చింది. ఇప్పుడెందుకొచ్చింది, ఎవరు పిలిచినారు. షామియానా, మా ఇంటి మాట, అమ్మీ నోట్లోని మాట, మేనమామ పెండ్లికి వీధంతా కట్టినారే, అది. తెలుగు పోతాందంటే అర్థముంది, అది నేను నేర్చుకున్నది, నేర్చుకున్నది పోతుంది. పుట్టిన మాట గూడా నన్ను చూసి మొగం తిప్పుకుంటే ఎట్ల. లెక్కల సార్ ఇంకా చెప్తాండాడు. ఆదినారాయణ సార్ చెప్పులోంచి కాలు తీసి బొటనవేలితో స్టేజీ చెక్కను గీకుతాండాడు, పొగిడితే ఆయనకు దురద పుడుతుంది. నేను ఏం చెప్పల్ల ఈయన గురించి. ముద్దనూరు పక్కన పల్లె, భూములున్న ఇల్లు, వాళ్లింటి మనుషులు తెల్లబట్టలేసుకోని జీపుల్లో తిరుగుతారు, ఈయన మాత్రం పాత స్కూటరు మీద వచ్చి ఆడపిల్లలకు పెన్న యాడ పుట్టిందో చెప్తాడు. మ్యాపు వేలాడదీసేవాడు కాదు, పిల్లోళ్లను గ్రౌండులోకి తోలకపోయి మడిమతో మట్టిలో పెన్నను గీసేవాడు, ఒకతెను నంది కొండల కాడ నిలబెట్టి, ఒకతెను గండికోట కాడ, ఒకతెను నెల్లూరు కాడ నిలబెట్టి, బిందెతో నీళ్లు పోసేవాడు. నీళ్లు గండికోట దాకా వచ్చేటప్పటికే మట్టి తాగేసేది. అదేమ్మా మన బతుకు, అనేవాడు. ఇది చెప్తే నవ్వుతారు. ఇది చెప్పొచ్చు. పెన్న, మడిమ, బిందె, మట్టి. నాలుగు మాటలు గట్టిగా పట్టుకోవల్ల. పెన్న, మడిమ, బిందె.

కానీ ఇది కాదు ఆయన. ఇది ఆయనలో పిల్లోళ్లకు అగుపడే ముక్క. నాకు తెలిసిన ఆయన వేరే. సుద్దముక్క తర్వాత నేను యాడ ఆగినా ఆయన ఆ మాట అందిస్తా వచ్చినాడు. స్టాఫ్ మీటింగుల్లో నేను మాట్లాడుతాంటాను, మధ్యలో అడుగు తప్పుతుంది, ఇంక రాదు అనుకునే లోపల ఆయన గట్టిగా, కసిరినట్టు, ఆ మాట నా మధ్యలోకి విసిరేవాడు. హాజరుపట్టీ అంటాంది మేడమ్, కానీండి, తొందరగా కానీండి. వార్షికోత్సవం గురించే గదా, ఎంతసేపు చెప్తారు. విన్నోళ్లకు ఏమనిపిస్తుంది, ఈ మనిషి ఆడమనిషిని రెండు మాటలు పూర్తిగా మాట్లాడనీడు అనిపిస్తుంది. అదే అనుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ రాధిక, కొత్తగా వచ్చిన అమ్మాయి, మంచి పిల్ల, అందరి ముందర అనింది ఒకసారి, సార్, మేడమ్‌ను పూర్తి చెయ్యనీండి, మర్యాద ఉండాలి గదా అని. ఆయన, తప్పయింది మేడమ్, అని తల వంచుకున్నాడు. మళ్లా మీటింగులో మళ్లా అట్లనే చేసినాడు. అప్పటికి గూడా నాకు తెలీదు ఆయన తెలిసి చేస్తాండాడని. నేను గూడా లోపల తిట్టుకున్నాను, ఈ మొరటు మనిషికి ఏమైంది అని.

తెలిసిన రోజు వరండాలో. వాన పడి వెలిసింది, కడప బండల మీద నీళ్లు నిలిచినాయి, పిల్లోళ్లందరూ పోయినారు. ఆయన గొడుగు ముడిచి పట్టుకోని నా ఎదురుగా నిలబడి, మేడమ్, ఇది వయసు కాదు, పోయి చూపించుకో, అన్నాడు. ఏది అన్నాను. నీకు తెలుసు ఏదో, అన్నాడు. నాకు ఎంత కోపమొచ్చిందంటే, మీ పని మీరు చూసుకోండి అని చెప్పి బస్టాండుకు ఒక్కదాన్నే తడి దారిలో నడిచి పోయినాను, రెండు వారాలు ఆ మనిషి మొగం చూడలేదు. ఆ రెండు వారాలూ మీటింగుల్లో నేను నోరు తెరవలేదు, తెరిస్తే ఎవరు అందిస్తారు. మూడోవారం ఆయనే వచ్చినాడు, చెట్టు కింద నేను అన్నం తింటాండే కాడికి, కూర్చోమనకుండానే కూర్చున్నాడు. మా నాయనకు ఇట్లనే మొదలయింది అన్నాడు. సేద్యం చేసే మనిషి, పొద్దున్నే లేచి అది తేరా అనేవాడంట. పార అనాల్సిన కాడ అది, ఎద్దు పేరు అనాల్సిన కాడ అది. ఇంట్లోవాళ్లు ముసలాయనకు పొగరు పెరిగింది, నోరు తెరిచి సరిగ్గా అడగడు అనుకున్నారు, కొడుకులు గూడా కసిరినారు. ఆయనేమో వీళ్లెవరూ నా మాట వినరు అని గోడ తట్టు తిరిగి పండుకునేవాడంట. అట్లనే పోయినాడు. ఇదంతా చెప్పి ఆదినారాయణ సార్ నా టిఫిన్ బాక్సు తట్టు చూస్తా అన్నాడు, "ఇది రోగమని ఆయనకు చెప్పేవాడు ఒక్కడు లేడమ్మా మా ఇంట్లో. నీకు చెప్పేవాడు ఒకడుండాల గదా, నువ్వు తిట్టుకున్నా సరే."

అమ్మా అన్నాడు, మేడమ్ అనలేదు. ఆ సాయంత్రం నా కూతురు ఫరహత్‌కు ఫోన్ చేసినాను. పులివెందులలో ఉంటుంది అది, దానికి ముందే అనుమానం. ఫోన్లో నేను మాట వెతుక్కుంటా ఆగితే, అమ్మీ లైన్ కట్ అయిందా, అని అడిగేది, లేదు ఉండా అంటే, అబ్బాకు ఇయ్యి ఫోన్, అనేది. వాళ్ల ఊరికి వారానికొకసారి బెంగుళూరు నుంచి ఒక నరాల డాక్టరు వస్తాడు. నేనూ నూరుల్లా పోయినాము. చిన్న వయసు డాక్టరు, నా దగ్గర చదివిన పిల్లోళ్ల వయసు. బొమ్మలు చూపించి ఇవేందో చెప్పమన్నాడు. సింహం అన్నాను. ముక్కు మీద కొమ్ము ఉండేదాన్ని చూసి, దాని కొమ్ము, దాని తోలు, అది తాగే నీళ్లు అన్నీ గుర్తుకొచ్చినాయి, పేరు రాలేదు. ఇంకొక బొమ్మ, ఎడారిలో నడిచే గూని వీపుది, చూసి ఊంట్ అన్నాను. తెలుగులో చెప్పండమ్మా అన్నాడు. నూరుల్లా చిన్నగా, సార్, ఆమె తెలుగు టీచరు, అన్నాడు. ఆ పిల్లోడు రాస్తాండేది ఆపి తలెత్తి నన్ను చూసినాడు. ఆ చూపు తప్పించుకునేదానికి నేను గోడ మీద గడియారం తట్టు చూస్తా కూర్చున్నాను. తర్వాత క అక్షరంతో మొదలయ్యే మాటలు ఎన్ని వస్తే అన్ని చెప్పమన్నాడు. క. ఎంతమందికి నేర్పినాను ఆ అక్షరం, ఎన్ని చేతులు పట్టుకోని దిద్దించినాను. కలం, కాకి, కడప, కండె. కండె అంటే ఏందమ్మా అన్నాడు ఆ బెంగుళూరు డాక్టరు. మగ్గం మీద నాడెలో పెడతారు, నూలు చుట్టింది, అని చెప్పినాను. చెప్పేలోపల క పోయింది. మళ్లా కలం అన్నాను. మళ్లా కాకి.

కండె గురవమ్మ ఇచ్చిన మాట. ప్రొద్దుటూరులో మా పక్కిల్లు, సాలెవాళ్లు, పొద్దున లేస్తే వాళ్లింట్లో మగ్గం చప్పుడు. మా అబ్బా ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు, ఊర్లు తిరిగేవాడు, అమ్మీకి తెలుగు ఒక్క ముక్క రాదు, గడప దాటేది కాదు. నన్ను గురవమ్మ తన గుంతమగ్గం పక్కన కూర్చోబెట్టుకోని, ఇది నాడె, ఇది కండె, ఇది పడుగు, ఇది పేక, చెప్పు, చెప్పకపోతే బెల్లం లేదు, అనేది. బెల్లం కోసం నేర్చుకున్నాను తెలుగు. తర్వాత అమ్మీకి నేనే నోరు. ఉప్పు అంగట్లో నేనే, కరెంటు ఆఫీసులో నేనే, ఆసుపత్రిలో అమ్మీ కడుపులో ఏదో అవుతాందని చెప్తే దాన్ని డాక్టరమ్మకు చెప్పేది నేనే, ఏడేండ్ల పిల్లను. జలన్ అనింది అమ్మీ, దానికి తెలుగు తెలీక నేను పరిగెత్తుకోని గురవమ్మ కాడికి పోయినాను, కడుపులో పొయ్యి ఉన్నట్టు ఉంటే ఏమంటారు అని, మంట అంటారే పిచ్చిదానా అనింది, ఆ మాటను నోట్లో పెట్టుకోని, పడిపోకుండా, మంట మంట మంట అనుకుంటా ఆసుపత్రి దాకా పరిగెత్తినాను. ఇప్పుడు గూడా అంతే చేస్తాండా. పెన్న, మడిమ, బిందె. నాలుగోది ఏంది. గురవమ్మ పోయి శానా ఏండ్లయింది. పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో తెలుగు చెప్తాను గానీ నా లోపల మాట్లాడేది గురవమ్మే. ఆ గొంతు గూడా పోతుందా. డాక్టరును అది అడగలేదు.

ఆయన చెప్పింది చెప్పినాడు. దారి మర్చిపోవడం, మనుషుల్ని మర్చిపోవడం ఇప్పుడే ఉండకపోవచ్చంట. డిమెన్షియా కొందరికి మాట దగ్గర మొదలవుతుందంట, నాకు అట్ల మొదలయిందంట, స్కానింగు చూసి ఖాయం చేస్తానన్నాడు, వారం తర్వాత చూసి ఖాయం చేసినాడు. తగ్గేది కాదు, నిదానం చెయ్యగలిగితే చేద్దామన్నాడు. నేను అడిగింది ఒకటే, క్లాసుకు పోవచ్చా అని. ఆయన, ఎన్నాళ్లు పోగలరో నేను చెప్పలేను గానీ మాట్లాడడం మాత్రం మానొద్దమ్మా, తప్పు వస్తుందని గమ్మునుండిపోయేవాళ్లకే తొందరగా పోతుంది, అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు ముద్దనూరులో ఆగింది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, పొగ గాలికి వంగి ఒకే తట్టు పోతాంది. నూరుల్లా దిగి జామకాయలు తెచ్చినాడు, ఒకటి నా చేతిలో పెట్టి, మా భాషలో, ఇంటి భాషలో, మొదటిసారి కువైట్ సంగతి చెప్పినాడు. పదమూడేండ్లు ఉండొచ్చిన మనిషి, దర్జీ పని, ఎప్పుడు అడిగినా బాగుండిందనే చెప్పేవాడు. మొదటి సంవత్సరం అరబీ ఒక్క ముక్క రాదంట. రొట్టె కావాలంటే చేతులతో గుండ్రంగా చూపించేవాడంట, అంగడి మనిషి ఒకసారి గిన్నె ఇచ్చినాడంట, ఒకసారి సైకిలు టైరు చూపించినాడంట. జ్వరమొస్తే చెప్పుకోలేక పనిచ్చిన శేఠు చెయ్యి పట్టి తన నుదుటి మీద పెట్టుకున్నాడంట. "సంవత్సరమంతా నోరు లేకుండా బతికినా జైబూ. సచ్చిపోలేదు గదా. నువ్వు చేతులతో చూపించు, నాకు తెలుస్తాది," అన్నాడు. నేను జామకాయ కొరికి ఏడ్చినాను. నాకోసం కాదు, ఆ చెయ్యి కోసం, శేఠు నుదుటి మీద, కాదు, ఆయన నుదుటి మీద శేఠు చెయ్యి. పదమూడేండ్లలో నేను రాసిన జాబుల్లో ఒక్కదాంట్లోనన్నా అడగలేదు, ఆడ ఎవరితో మాట్లాడుతావని.

చప్పట్లు. లెక్కల సార్ కూర్చున్నాడు. ఇప్పుడు వనజమ్మను పిలుస్తాండారు, ఆదినారాయణ సార్ ఇంటామెను. రాను రానంటాంది, పిల్లోళ్లు వనజమ్మగారూ అని అరుస్తాండారు, లేచింది, కొత్త పట్టుచీర మడతలు చేత్తో అణుచుకుంటా మైకు కాడికి వచ్చి, ఇన్నాళ్లు మీరు భరించినారు, ఇంక నేను భరిస్తా, అని ఒక్క మాట చెప్పి పోయి కూర్చుంది. ఎంత సులభంగా చెప్పింది. భరించినారు, భరిస్తా. అంత చిన్న వాక్యం గూడా నేను ముందు లోపల కట్టుకోవల్ల ఇప్పుడు, ఇటుక మీద ఇటుక. ఇంక రాధిక. తర్వాత నేను. గొంతు బాగలేదని చెప్తా. నూరుల్లా చెప్పినట్టే చెప్తా. పెన్న కథ చెప్పి, గొంతు పట్టుకోని, దగ్గి, కూర్చుంటా. ఆదినారాయణ సార్‌కు అర్థమవుతుంది, ఆయన ఏమనుకోడు. ఏమనుకోని మనిషి కాబట్టే ఇంకా కష్టం.

రాధిక బాగా మాట్లాడుతుంది. పిల్లకు ఎక్కడా తడబాటు లేదు, మాటలు దాని ముందర వరసకట్టి నిలబడుకుంటాయి. తాను వచ్చిన కొత్తలో సార్ తనను పరీక్ష పెట్టినట్టు చూసినాడనీ, బడికి నీళ్ల ట్యాంకు తెప్పించేదానికి ఆయన ఎట్ల కొట్లాడినాడో చెప్పింది. తర్వాత నవ్వి, చివరిగా ఒక్క ఫిర్యాదు, అనింది. "సార్‌లో ఒకే ఒక్క లోపం. ఆడవాళ్లను మాట్లాడనివ్వరు. పాపం మన జైబున్నీసా మేడమ్‌ను ఎన్నిసార్లు మధ్యలో ఆపేసేవారో. ఈరోజు మేడమ్ ప్రతీకారం తీర్చుకుంటారని ఆశిస్తున్నాను." అందరూ నవ్వినారు. టీచర్లు నవ్వినారు, వాళ్లు చూసినదే గదా. పిల్లోళ్లు చప్పట్లు కొట్టినారు. వనజమ్మ నవ్వుతా, ఏండ్ల తరబడి ఇంట్లో నేను చెప్పేది ఇదే, అన్నట్టు మొగుని తట్టు చూసింది. ఆమెకు గూడా చెప్పలేదు ఆయన. ఇంట్లో పెండ్లానికి గూడా నా సంగతి చెప్పలేదు. ఆయన దండలో నుంచి తల కొంచెం పైకెత్తి, అందరితోపాటు నవ్వుతాండాడు, నిజమే నిజమే అన్నట్టు తల ఊపుతాండాడు. ఈ మాట పట్టుకోనే ఆయన ఇంటికి పోతాడు. ఈ ఊర్లో ఆయన పేరెత్తితే, మంచోడే గానీ ఆడమనిషిని నోరెత్తనిచ్చేవాడు కాదు అని చెప్పుకుంటారు. నా పేరు నిలబడేదానికి.

నన్ను పిలిచినారు. లేచినాను. మైకు నాకంటే ఎత్తుగా ఉంది, రాధిక వచ్చి దించింది. పెన్న, మడిమ, బిందె, అన్నీ ఒక్కసారిగా పోయినాయి, ఎవరో పలక తుడిచినట్టు. దూరంగా నూరుల్లా చెయ్యి తన గొంతు మీద పెట్టుకోని చూపిస్తాండాడు, గొంతు, గొంతు అని. ఆ చెయ్యి చూసినాను. చూసి తల అడ్డంగా ఊపినాను. ఆయన చెయ్యి దించినాడు.

పిల్లలూ, అన్నాను. ఈ మాట ఎప్పుడూ వస్తుంది. సార్ నన్ను ఎప్పుడూ మధ్యలో ఆపలేదు, అన్నాను. నవ్వినారు, నేను ఎప్పుడూ నవ్వించేదానితోనే మొదలుపెడతానని వాళ్లకు తెలుసు. నవ్వు అయిపోయేదాకా నిలబడినాను. "నేనే ఆగిపోతాంటి. నాకు ఒక రోగం వచ్చింది. మాటలు పోయే రోగం. డాక్టరు చెప్పినాడు. నాకు మాట రానప్పుడు సార్ ఆ మాట ఇచ్చేవాడు. మీకెవరికీ తెలీకుండా, కసిరినట్టు ఇచ్చేవాడు. మీరు ఆయన్ను తిట్టుకున్నారు. నేనూ తిట్టుకున్నా." ఇంత చెప్పేదానికి ఎంతసేపు పట్టిందో తెలీదు. ఒక్కొక్క మాట ముందర నిలబడి, తలుపు కొట్టి, అది బయటికి వచ్చినాక ఇంకొక మాట తలుపు కొట్టినాను. పైన షామియానా కొట్టుకుంటాంది. రాధిక మొగం తెల్లగా అయిపోయింది, ఆ పిల్లను చూస్తే జాలేసింది. ఆదినారాయణ సార్ నా తట్టు చూడలేదు, రెండు చేతులతో దండను పట్టుకోని నేల తట్టు చూస్తాండాడు. వనజమ్మ మాత్రం ఆయన్నే చూస్తాంది, కొత్తగా, ఎవరో ఊరిమనిషిని చూసినట్టు. పిల్లోళ్లతో చెప్పినాను, రేపటి నుంచి క్లాసులో నేను ఆగితే నవ్వొచ్చు మీరు, నవ్వి ఆ మాట నాకియ్యండి, ఎన్ని దినాలు చెప్పగలిగితే అన్ని దినాలు చెప్తాను, చెప్పలేనప్పుడు నేనే మానుకుంటాను, హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ ఏం చెప్పినా సరే అని. ఇట్లనే చెప్పినానా, వరస తప్పిందా, తెలీదు. ముందు వరసలో ఒక పిల్ల కొంగు, కాదు, పైట, కాదు, ఆ స్కూలు డ్రస్సు మీద వేసుకునేది, దాంతో ముక్కు తుడుచుకుంటాంది.

ఇంక ఒక్కటి మిగిలింది. ఎప్పుడూ చివర్న చెప్పేది, ఆ మనిషి ఏందో ఒక్క మాటలో చెప్పేది. ఆయన తట్టు తిరిగి, ఆదినారాయణ సార్ నాకు, అన్నాను. ఆగింది. ఉంది, ఆ మాట ఉంది, దాని బరువు తెలుస్తాంది, దాని రుచి గూడా, ఏ భాషలో ఉందో తెలీదు. ఆదినారాయణ సార్ నాకు. అలవాటు కొద్దీ ఆయన తట్టు చూసినాను, అందిస్తాడని. ఆయన నోరు తెరిచినాడు, మళ్లా మూసినాడు. ఈసారి ఆయనకు చేతకాలేదు, ఆ మాట ఆయనదే గదా, ఎట్ల అందిస్తాడు. మైకులో నా ఊపిరి వినిపిస్తాంది. అప్పుడు ముందు వరసలో ముక్కు తుడుచుకున్న పిల్ల, భయపడతా, అన్నా టీచర్? అనింది. నేను తల అడ్డంగా ఊపినాను. దాని పక్కది, గురువా? అనింది. కాదు. ఎనక నుంచి ఒకతె, చేదోడా? కాదు. దోస్తా టీచర్? ఆసరానా? ఊతకర్రా? ఎవరో నవ్వినారు, నవ్వు పాకింది, భయం పోయింది, చేతులు లేచినాయి, క్లాసులో లేచినట్టు, చేతులు లేపనోళ్లు గూడా అరుస్తాండారు, తోడా, నీడా, నిచ్చెనా, వంతెనా, ఆఖరి వరస నుంచి నూరుల్లా లేచి నిలబడి, ఆసరానే మా ఇంటి భాషలో, సహారా అన్నాడు, వనజమ్మ కండ్లు తుడుచుకుంటానే, మొండోడా అక్కా, అనింది, అందరూ గట్టిగా నవ్వినారు, ఆదినారాయణ సార్ గూడా, ఎన్ని మాటలో, ఒక్కొక్కటీ ఎగిరొచ్చి నా మొగానికి తగులుతాంది, తెలిసినవన్నీ, నేను నేర్పినవి కొన్ని, నాకు ఎవరో నేర్పినవి కొన్ని, వీటిలో యాడా ఆ మాట లేదు.

కాదు, అన్నాను మైకులో. అది కాదు. అయినా చెప్పండి. ఇంకా చెప్పండి.